ఏడు చేపల కథ, 32 రికార్డింగులు, మేం కోసేసిన ఒక "ఊ": ఒక కేస్ స్టడీ

జానపద కథల్ని రికార్డ్ చేయడం, విని అక్షరం పొల్లుపోకుండా రాయడం, తర్వాత ఎవరైనా వెతికితే దొరికేలా సర్ది పెట్టడం, ఇదీ నా పని. ఈ కేసు పెద్ద ప్రాజెక్టేం కాదు. ఒకే ఒక్క కథ, అది కూడా తెలుగువాళ్లని ఎవర్ని అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పేసే కథ. కానీ నా పద్ధతి మొత్తం మార్చేసింది, అందుకే మొదటినుంచి చివరిదాకా తప్పులతో సహా రాస్తున్నా, ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుందని.

పిల్లల కోసం ఆడియో కథలు చేసే ఒక సంస్థ (పేరు అనవసరం) నన్ను పిలిచి ఏడు చేపల కథ "అసలు వెర్షన్" కావాలంది. ఊళ్లలో పెద్దవాళ్ల దగ్గర రికార్డ్ చేసి, అందులో ఏది అసలుదో తేల్చి ఇస్తే, దాన్ని ఒక మంచి గొంతుతో చదివించి బడులకి పంపిస్తాం అన్నారు. ఒప్పుకున్నా. అసలుదంటూ ఒకటి ఉండదని నాకు తెలుసు, కానీ చాలా వెర్షన్లు పోగేసి, ఎక్కువమంది చెప్పిన మెట్లు తీసుకుంటే దాదాపు అసలులాంటిది వస్తుందిలే అనుకున్నా. అక్కడే మొదటి తప్పు.

కథ తెలియనివాళ్లు ఉండరు, అయినా కింద చెప్పే విషయం అర్థం కావాలంటే మెట్లు ఒకసారి గుర్తుచేసుకోవాలి. అనగనగా ఒక రాజు, ఆయనకి ఏడుగురు కొడుకులు, వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపూ గడ్డిమోపూ ఎందుకు అడ్డమొచ్చావ్? ఆవు మేయలేదు. ఆవుని అడిగితే గొల్లవాడు మేపలేదంది, గొల్లవాణ్ణి అడిగితే అవ్వ బువ్వ పెట్టలేదన్నాడు, అవ్వని అడిగితే పిల్లాడు ఏడుస్తున్నాడంది, పిల్లాణ్ణి అడిగితే చీమ కుట్టిందన్నాడు, చీమని అడిగితే "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంది. అంతే, అయిపోయింది.

మొదటి విడతలో 19 మంది దగ్గర రికార్డ్ చేశా. రాయలసీమలో కొందరు, కోస్తాలో కొందరు, తెలంగాణ వైపు కొందరు. పద్ధతి ఏంటంటే ఫ్యాన్ ఆపేయడం, తలుపు వేసేయడం, పిల్లల్ని బయటికి పంపేయడం, చెప్పేవాళ్ల ముందు మైకు పెట్టి నేను నోరు మూసుకుని కూర్చోవడం. రికార్డింగ్‌లో మన గొంతు పడకూడదు అని నాకు నేర్పించారు, నేనూ వేరేవాళ్లకి అదే నేర్పించా. చాలా శుభ్రమైన ఫైల్స్ వచ్చాయి. విని చూస్తే మాత్రం ఒక్కటీ కథలా లేదు. పెద్ద పెద్ద కథలు రాత్రంతా చెప్పగలిగే ఆడవాళ్లు దీన్ని నిమిషంలోపే పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పి, ఇంతే కదమ్మా అని లేచిపోయారు. కథ చిన్నది కదా, అంతే ఉంటుంది అని సర్దిచెప్పుకున్నా.

రాయలసీమలో ఒక అవ్వ దగ్గర మాత్రం చిక్కొచ్చి పడింది. ప్రతి వాక్యం చివర ఆగిపోయి నా మొహం చూస్తోంది. నేను తల ఊపుతున్నా, నవ్వుతున్నా, గొంతు మాత్రం రానీయట్లేదు. మూడో మెట్టు దగ్గర విసుగొచ్చి అడిగేసింది, "ఏం తల్లీ, ఇంటాండావా, నిద్దరబోయినావా?" అని. వింటున్నా అవ్వా అన్నా. "ఇంటాంటే ఊ కొట్టాల గదా" అంది.

ఇన్నేళ్ల అనుభవంలో నాకు ఇంత సూటిగా పాఠం చెప్పినవాళ్లు లేరు. అయినా ఆ నిమిషంలో అర్థమైందని అబద్ధం చెప్పను, రికార్డింగ్ పాడైందే అని మాత్రమే అనుకున్నా. అర్థమైంది ఆ రాత్రికి. ఆ ఇంట్లోనే పడుకోమన్నారు. అవ్వ మనవరాలు, ఏడేళ్లుంటాయేమో, అవ్వ పక్కన చేరి కథ చెప్పమంది, అవ్వ నా వైపు చూసి అదే కథ మొదలుపెట్టింది, రికార్డ్ చేసుకోనా అని అడిగి ఫోన్ ఆన్ చేసి గట్టు మీద పెట్టేశా. మధ్యాహ్నం నిమిషం కూడా లేని కథ ఆ రాత్రి నాలుగు నిమిషాలు దాటింది. ఆ ఫైల్ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

అందులో ఏం జరుగుతోందంటే, పాప ఊ అంటేనే అవ్వ తర్వాతి మెట్టు ఎక్కుతోంది. ఊ గట్టిగా వస్తే అవ్వ వేగం పెంచుతోంది, ఊ నీరసంగా వస్తే గొంతు మార్చి ఆవులా అరుస్తోంది, ఊ రాకపోతే ఆగి "పడుకున్నావా" అంటోంది. నాలుగో మెట్టు దగ్గర గడ్డిమోపు నుంచి సరాసరి గొల్లవాడి దగ్గరికి పోయింది. పాప దిగ్గున లేచి కూర్చున్న చప్పుడు ఫైల్‌లో వినిపిస్తుంది, "కాదవ్వా, ఆవు, ఆవు యాడికి బోయ?" అని. అవ్వ నవ్వి, అవునే ఆవు మర్చిపోతి అని వెనక్కొచ్చి ఆవుని కలుపుకుని మళ్లీ సాగింది. మర్నాడు పొద్దున అడిగా, నిజంగా మర్చిపోయావా అవ్వా అని. మొదట్లో నిజంగానే మర్చిపోయిందట, పిల్ల పట్టుకుందట, అప్పట్నుంచి ఒక్కో రోజు ఒక్కో మెట్టు కావాలనే వదిలేస్తుందట, పిల్ల వింటోందో లేదో తెలియడానికి.

మా రంగంలో దీనికి పెద్ద చర్చే ఉంది. 1923లో వాల్టర్ ఆండర్సన్ అనే పండితుడు ఒక ప్రశ్న వేసుకున్నాడు. నోటినుంచి నోటికి పోయే కథ తలో మాట మారిపోయి కొన్నాళ్లకి గుర్తుపట్టలేనట్టు అయిపోవాలి కదా, మరి వందల ఏళ్లు ఎలా నిలబడుతోంది? ఆయన జవాబు ఏంటంటే, మనం ఒక కథని ఒక్కసారే, ఒక్కరి నోటే వినం, చాలాసార్లు వింటాం, చాలామంది నోట వింటాం, కాబట్టి ఒకరి తప్పుని ఇంకొకరు చెప్పింది సరిచేసేస్తుంది. కథ తనని తాను దిద్దుకుంటుంది అన్నాడు. 1932లో బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పుస్తకంగా వేసిన తన ప్రయోగాలు దీనికి ఎదురుగా కనిపిస్తాయి, ఆయన ఒక కథని ఒకరికి చదివించి, వాళ్లు రాసింది రెండోవాళ్లకి, వాళ్లది మూడోవాళ్లకి, అలా వరసగా ఇస్తూ పోతే కథ కుంచించుకుపోయింది, అర్థంకాని ముక్కలు ఊడిపోయాయి, మిగిలింది వాళ్లకి అలవాటైన పద్ధతిలోకి మారిపోయింది. రెండూ నిజమే. బార్ట్‌లెట్ ఏర్పాటులో వినేవాడికి కథ ముందే తెలియదు, కాబట్టి ఆవు ఏమైంది అని అడిగే ఏడేళ్ల పిల్ల అక్కడ లేదు, అదీ తేడా. నా మొదటి 19 రికార్డింగుల్లోనూ ఆ పిల్ల లేదు, తలుపు వేసి బయటికి పంపించింది నేనే కదా.

కాబట్టి రెండో విడత మొదలుపెట్టా, సంస్థ డబ్బులు ఇవ్వదు, సొంతంగానే. ఈసారి షరతు ఒకటే, ఆ ఇంట్లో ఎవరికి మామూలుగా ఆ కథ చెప్తారో వాళ్లు పక్కన ఉండాలి, చెప్పే వేళకే చెప్పాలి. ఆ రాత్రి ఫైల్‌తో కలిపి ఇవి 12 అయ్యాయి. ఫ్యాన్ చప్పుడు, కుక్కల అరుపులు, పక్కింటి టీవీ, అన్నీ పడ్డాయి, పడనీ. ఒకటే అనుకున్నా, చెప్పేవాళ్ల గొంతుకి ఒక మైకు, వినేవాళ్లకి ఇంకో మైకు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నాకు దొరికిందంతా ఆ రెండో మైకు వల్లే దొరికింది.

ఇప్పుడు 31 ఫైల్స్ పక్కపక్కన పెట్టుకుని మెట్టు మెట్టుకీ పోల్చా. మధ్యలో మెట్లు బాగానే కదిలాయి. గడ్డిమోపు కొన్నిచోట్ల గడ్డివామి అయింది, గొల్లవాడు పాలేరు అయ్యాడు, తెలంగాణ వైపు ఒకరి నోట జీతగాడు అయ్యాడు, అవ్వ పెట్టని బువ్వ ఒకచోట గంజి, ఒకచోట సంగటి, పిల్లాడు కొన్నిచోట్ల పాప. ఎవరి ఇంట్లో ఏది ఉంటే అది కథలోకి వచ్చి కూర్చుంది, అది సహజం. కదలనిది మాత్రం చివరి మాట. 31 ఫైల్స్‌లోనూ బంగారు పుట్ట అనే ఉంది, ఒక్కరు కూడా వెండి పుట్ట అనలేదు, మట్టి పుట్ట అనలేదు. ఎందుకని చాలా రోజులు ఆలోచించా. ఒక కారణం చెవికే తెలుస్తుంది, "పుట్టలో వేలు పెట్టితే కుట్టనా" అని పైకి అనండి, ట్ట ట్ట ట్ట అని మూడు దెబ్బలు పడతాయి, ఒక్క మాట మార్చినా దరువు తప్పుతుంది. మామూలు మాటల్లో పెడితే అనే ఆవిడ కూడా ఆ చివరి లైన్‌లో మాత్రం పెట్టితే అనడం రెండు ఫైల్స్‌లో విన్నా. అలన్ డండెస్ అనే జానపద పండితుడు 1964లో రాసిన ఒక వ్యాసంలో జానపదాన్ని మూడు పొరలుగా చూడమన్నాడు, చెప్పే విషయం ఒకటి, మాటల అల్లిక ఒకటి, చెప్పే సందర్భం ఒకటి. ఆ చివరి వాక్యాన్ని పట్టుకుని ఉంచింది అల్లికే, అర్థం కాదు. మధ్య మెట్లకి అల్లిక ఇంత బిగువుగా లేదు, చేపా చేపా, ఆవా ఆవా అని రెండుసార్లు పిలిస్తే చాలు, లోపల పేరు ఏదైనా పట్టేస్తుంది.

అయితే ఏదైనా పట్టేస్తుంది అన్నానా, అది కూడా పూర్తిగా నిజం కాదు. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఒక నాన్న తన ఐదేళ్ల కొడుక్కి చెప్తుంటే రికార్డ్ చేశా. గడ్డిమోపు అంటే వీడికి తెలియదులే అని ఆయన, చేప ఎందుకు ఎండలేదంటే బిల్డింగ్ అడ్డొచ్చింది అన్నాడు. ఆలోచన బాగానే ఉంది, బాబు ఊ కూడా అన్నాడు. బిల్డింగూ బిల్డింగూ ఎందుకు అడ్డొచ్చావ్? బిల్డర్ కట్టాడు. బిల్డరూ బిల్డరూ ఎందుకు కట్టావ్? అక్కడ ఆయన ఆగిపోయాడు, ఎందుకంటే అక్కడ్నుంచి ఆవు దగ్గరికి దారి లేదు. బాబు, "ఇది వేరే కథ నాన్నా, నాకు చీమ కథ కావాలి" అన్నాడు. ఆయన వెనక్కి వెళ్లి, సరే గడ్డిమోపు అంటే ఆవులు తినే గడ్డి కట్ట, అని చెప్పి మళ్లీ మొదలుపెట్టాడు. రోమన్ యాకొబ్సన్, ప్యోతర్ బొగతిర్యోవ్ అనే ఇద్దరు పండితులు కలిసి 1929లో రాసింది నాకు అప్పుడు గుర్తొచ్చింది, ఒక మనిషి ఎంత కొత్తది కల్పించినా జనం తీసుకోకపోతే అది జానపదం కాదు, పుట్టిన చోటే ఆగిపోతుంది, జనమే ముందుగా వడపోసేస్తారు అని. చదివినప్పుడు జనం అంటే ఊరంతా గుమిగూడి తీర్పు చెప్పడం లాంటిది ఊహించుకున్నా. ఇక్కడ జనం అంటే ఐదేళ్ల బాబు ఒక్కడే, కానీ వాడి వెనక ఆ కథ తెలిసిన నానమ్మ, బడిలో పిల్లలు, అందరూ ఉన్నారు, వాడు అడిగింది వాళ్లందరి తరఫునే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. జానపదం అనగానే పల్లెటూరి ముసలివాళ్లది అనే లెక్క మనలో బాగా పాతుకుపోయింది, జనపదం అన్న మాటలోనే పల్లె వినిపిస్తుంది కాబట్టి కావచ్చు. 1846లో విలియం థామ్స్ ఇంగ్లిష్‌లో ఫోక్‌లోర్ అనే మాట పుట్టించినప్పుడు కూడా అంతరించిపోతున్న పాత ఆచారాల్ని పోగేయడం గురించే మాట్లాడాడు. డండెస్ దీన్ని తిరగేశాడు, ఏదో ఒక విషయాన్ని ఉమ్మడిగా పంచుకునే ఏ గుంపైనా జనమే అన్నాడు. ఆ అపార్ట్‌మెంట్ నాన్న ఫైల్, రాయలసీమ అవ్వ ఫైల్, రెండూ నా లిస్టులో పక్కపక్కనే సమానంగా ఉన్నాయి. ఒకటి అసలు, ఒకటి కల్తీ అనే కాలమ్ తీసేశా.

ఈ కథ ఆకారం గురించి కాస్త. ఆర్నె 1910లో మొదలుపెట్టి, థాంప్సన్ పెంచి, ఊథర్ 2004లో తిరగరాసిన ప్రపంచ కథల పట్టికలో ఇలాంటి గొలుసు కథలకి 2000 నంబర్ నుంచి చోటిచ్చారు. అందులో 2030 బాగా పేరున్నది, ముసలమ్మ పంది కదలదు, కుక్కని కరవమంటే కరవదు, కర్రని కొట్టమంటే కొట్టదు, అలా పోయి పోయి చివరికి ఒకరు ఒప్పుకోగానే గొలుసంతా వెనక్కి గిర్రున తిరిగి పంది కదిలిపోతుంది, ముసలమ్మ ఇంటికి చేరుతుంది. మన కథలో ఆ వెనక్కి తిరగడం లేదు. చీమ జవాబు చెప్పేసింది, సరే, చేప మాత్రం ఎండలేదు. ఎవరూ దాన్ని మళ్లీ ఎండబెట్టరు. రెండో విడత 12 ఫైల్స్‌లో మూడింట్లో పిల్లలు, మరి చేప? అని అడిగారు. ఒకరు రేపు చెప్తా పడుకో అన్నారు, ఒకరు నువ్వే చెప్పు అన్నారు, ఒకరు మళ్లీ మొదట్నుంచి, చేపా చేపా ఎందుకు ఎండలేదు అని ఎత్తుకున్నారు, ఆ ఫైల్ కథ మూడుసార్లు తిరిగి పిల్ల నిద్రపోయాక ఆగింది. కథ తెరిచి ఉండటం వల్లే అది సాధ్యం అని నా అభిప్రాయం.

వాట్సాప్‌లో తిరిగే వేదాంతం గురించి కూడా అడిగారు కొందరు. రాజంటే దేహం, ఏడుగురు కొడుకులు సప్తధాతువులు, గడ్డిమోపు అజ్ఞానం, ఆవు జ్ఞానం, ఇలా. ఇది తప్పా ఒప్పా అని నేను తేల్చను, నా దృష్టిలో అదీ ఒక జానపదమే, దానికీ వెర్షన్లు ఉన్నాయి, ఒక ఫార్వర్డ్‌లో చేపలు ఒకటైతే ఇంకోదాంట్లో ఇంకోటి. అవి కూడా దాచిపెట్టా, వేరే ఫోల్డర్‌లో. కానీ 31 ఫైల్స్‌లో ఒక్కరు కూడా పిల్లలకి ఆ అర్థం చెప్పలేదన్నది కూడా రాసి పెట్టా.

ఇక సంస్థ సంగతి. 31 ఫైల్సూ, పోలికల పట్టికా ఇచ్చి, ఒక వెర్షన్ ఎంచకండి, కనీసం మూడు ఇవ్వండి, వినేవాళ్ల గొంతు ఉంచండి అని రాశా. వాళ్ల ఎడిటర్ మంచి పనిమంతుడే, అవ్వ-మనవరాలి ఫైల్ అందరికీ నచ్చిందని దాన్నే తీసుకుని శుభ్రం చేశాడు. శుభ్రం అంటే పాప ఊ లు అన్నీ డిస్టర్బెన్స్ అని కోసేశాడు, ఆవు మర్చిపోవడం తప్పు అని కోసేశాడు, ఖాళీలు దగ్గరికి లాగేశాడు. నాలుగు నిమిషాలది నిమిషంన్నర అయింది. చివర్లో ఒక అనౌన్సర్ గొంతుతో, ఒకరి తప్పుని ఇంకొకరి మీద నెట్టకూడదు పిల్లలూ, అని నీతి కలిపారు. అది విన్నరోజు నిజంగా బాధేసింది. 1950లో రిచర్డ్ డార్సన్ అనే జానపద పండితుడు ఇలా జానపదం పేరుతో తయారుచేసి అమ్మే వాటికి ఒక తిట్టు పేరు పెట్టి పెద్ద గొడవే చేశాడు. ఇక్కడ కల్పించింది తక్కువే, తీసేసింది ఎక్కువ, కానీ తీసేసింది సగం కథ.

ఒక బడిలో రెండు ఫైల్సూ వినిపించి చూద్దాం అని టీచర్‌ని అడిగితే ఒప్పుకున్నారు. శుభ్రం చేసింది పెట్టినప్పుడు పిల్లలు బుద్ధిగా విన్నారు. కోయనిది పెట్టినప్పుడు మూడో మెట్టుకల్లా క్లాసులో సగం మంది ఆ పాపతో పాటు ఊ కొట్టడం మొదలుపెట్టారు, అవ్వ ఆవుని వదిలేయగానే స్పీకర్ మీద కేకలేశారు. ఒక్క క్లాసు, ఒక్క రోజు, దీన్ని రుజువు అని నేను అనను, నేను చూసింది ఇది. సంస్థ మాత్రం శుభ్రం చేసిందే బడులకి పంపింది, అది వాళ్ల నిర్ణయం.

ఇక్కడ ఒక హక్కుల విషయం కూడా తేలాల్సి వచ్చింది, కోసిన ఫైల్‌లో అవ్వ పేరు వేయలేదు. కథ అందరిదీ కదా, పేరెందుకు అన్నారు. కథ అందరిదే. అవ్వ కూడా అదే అంది, "నాదేముంది తల్లీ, ఊర్లో అందరిదీ" అని. కానీ ఆ రాత్రి ఆ చెప్పడం ఆవిడది. మన 1957 కాపీరైట్ చట్టంలోకి 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది, అంటే కథ మీద ఎవరికీ హక్కు లేకపోయినా చెప్పిన తీరు మీద చెప్పినవాళ్లకి ఉంటుంది, దాన్ని అడగకుండా వాడకూడదు. నా ఒప్పుకోలు పత్రంలో రికార్డ్ చేసుకోవడానికి మాత్రమే అనుమతి అడిగా, కోయడానికి, మార్చడానికి, నీతి కలపడానికి అడగలేదు, ఆ లోపం నాదే. ఇప్పుడు పత్రంలో దేనికి దానికి వేరే గడి పెట్టా, చదవలేనివాళ్లకి వాళ్ల మాటల్లోనే చెప్పి, ఆ ఒప్పుకోవడాన్ని కూడా రికార్డ్ చేస్తున్నా. అవ్వ దగ్గరికి మళ్లీ వెళ్లి విషయం చెప్పి, పేరు వేయాలా అని అడిగితే, వేస్తే పిల్ల పేరు కూడా వేయమంది. పిల్లల పేర్లు బయటపెట్టం అవ్వా అన్నా, అయితే నాదీ వద్దులే అంది. మా ఫైల్‌లో అవ్వ, మనవరాలు అనే ఉంది.

మన దగ్గర ఈ పనికి పునాదులు వేసినవాళ్లు చిన్నవాళ్లేం కాదు. 1950లలోనే ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధన చేశారు, 1985లో ఏర్పడ్డ తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠమే ఉంది. వెనకటి తరం కలం, కాగితంతో రాసుకున్నారు, కలానికి ఊ ఎక్కడ దొరుకుతుంది, చెప్పేవాళ్ల మాట అందుకోవడమే గగనం. మన చేతిలో రెండు మైకులు పెట్టుకునే వీలుండి కూడా అచ్చు పుస్తకంలో ఎలా ఉందో అలాగే రికార్డ్ చేయాలనుకోవడం మాత్రం మన అలవాటు బలం.

ఇప్పుడు నా ఫారంలో మారినవి ఇవే. చెప్పినవారు అనే గడి పక్కన విన్నవారు అనే గడి, వాళ్లిద్దరి వరస ఏంటి, కథ ఎన్నోసారి చెప్తున్నారు, వినేవాళ్లకి ముందే తెలుసా, ఎక్కడ అడ్డుపడ్డారు, ఎక్కడ ఊ ఆగింది. రాసేటప్పుడు ఊ లని కూడా లైన్‌గా రాస్తున్నా, పేజీలు పెరుగుతాయి, పెరగనీ. మొదటి 19 పారేయలేదు, "వినేవారు లేరు" అని రాసి ఉంచా.

32వ ఫైల్, అవ్వ పేరు వేయాలా అని అడగడానికి వెళ్లినప్పుడు దొరికింది. ఆ మనవరాలు ఈసారి తన తమ్ముడికి చెప్తోంది, వాడికి ఇంకా మూడేళ్లు నిండలేదు. మెట్లన్నీ సరిగ్గా వచ్చాయి, ఆవు ఉంది, సంగటి ఉంది, అవ్వ గొంతులో ఉండే విరుపులు కూడా ఉన్నాయి. వాడు మాత్రం ఏమీ అనకుండా చూస్తున్నాడు. మూడో మెట్టు దగ్గర ఆగి, "ఊ అనరా" అంది. వాడు అన్నాడు. విన్నవారు గడిలో తమ్ముడు అని, ఎన్నోసారి అన్నచోట మొదటిసారి అని రాశా.